ప్లగ్గులకు ఉద్వాసన

మొగులమ్మ ఇంట్లో పసుపు రాయించుకోకుండా తప్పించుకున్న కొత్త వస్తువు ఒక్కటీ లేదు. కుక్కరుకు రాసింది. సీలింగు ఫ్యానుకు స్టూలెక్కి రాసింది. కొడుకు బాలరాజ్ ఫోను కొంటే దానికీ రాసింది. వారం రోజులు అతను ఎవరితో మాట్లాడినా చెంప పచ్చబడేది. కాబట్టి ఆదివారం పొద్దున బాలరాజ్ పటాన్‌చెరు వెళ్ళి కారుకు మూడు కొత్త స్పార్కు ప్లగ్గులు తెచ్చి గడపలో పెట్టగానే ఆమె లేచి పీట వేసింది.

"ఇవేంది బిడ్డా, గింత పొట్టిగున్నయి?"

"ప్లగ్గులవ్వ. ఇంజన్ల నిప్పురవ్వ పుట్టిచ్చేటియి ఇవే. రవ్వ పుడితే పెట్రోలు అంటుకుంటది, బండి ఉరుకుతది."

"నిప్పు పుట్టిచ్చేటియా? ఆ మాట ముందుగాల చెప్పొద్దా" అని మొగులమ్మ ఇంకొంచెం పసుపు కలిపింది.

నిప్పుతో పనిచేసేవాళ్ళకు మర్యాద తక్కువ చేయకూడదని ఆమె నమ్మకం. పైన తెల్లటి పింగాణి మెడ చుట్టూ నిండుగా పసుపు పూసింది. కింద వంగిన చిన్న ఇనుప మొన దగ్గర వేలితో కుంకుమ అద్ది, రాలిపోకుండా కాస్త నొక్కింది. మూడింటికీ కలిపి అగరుబత్తి తిప్పింది. బాలరాజ్ వాటిని అలాగే తీసుకెళ్ళి, ఫోనులో వీడియో చూసుకుంటూ, పాత ప్లగ్గులు విప్పి కొత్తవి బిగించాడు. పసుపు అతనికి కనిపించలేదా అంటే, కనిపించింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి పసుపు లేకపోతే అనుమానం రావాలి గానీ, ఉంటే ఎందుకు వస్తుంది?

నిజానికి పాత ప్లగ్గులు కూడా పెద్దగా ఏడిపించలేదు. పొద్దున్నే స్టార్టు కావడానికి కాసేపు మొరాయించేవి, అంతే. గల్లీ మొదట్లో మెకానిక్ ఉన్నాడు. "నువ్వు చేసేదేదో వీడియోల సూసి నేనే చేసుకుంట" అని బాలరాజ్ ఆయన ముందే జబ్బ చరిచి వచ్చాడు. ఆదివారం సాయంత్రం నుంచి ఆ కారు కుంటడం మొదలుపెట్టింది.

ఆ కారు షికారు కోసం కొన్నది కాదు. అది మొగులమ్మ దుకాణం. ఆమె పొద్దున్నే జొన్నరొట్టెలు కాల్చి గంపకెత్తుతుంది. పప్పుగిన్నె, ఎల్లిపాయ కారం డబ్బా, గంప డిక్కీలో పెట్టుకుని తల్లీకొడుకులు ఫ్యాక్టరీ గేటుకు పోతారు. గేటు పక్కన కానుగచెట్టు కింద బండి నిలబెట్టి డిక్కీ తెరిస్తే, లంచ్ సైరన్ మోగి జనం బయటికొచ్చాక రొట్టె ముక్క మిగలదు. మధ్యాహ్నం షిఫ్టుకు బాలరాజ్ అటునుంచటే తన పనికి పోతాడు.

గేటు దగ్గర నీడ ఉన్న జాగా అదొక్కటే. దాని కోసం జనం ఒకప్పుడు రాళ్ళు పెట్టారు, తువ్వాళ్ళు పరిచారు, ఒకాయన చెప్పులు వదిలి వెళ్ళాడు. రోజూ కొట్లాటలే. విసిగిపోయిన సెక్యూరిటీ మిశ్రా, బీహార్ నుంచి వచ్చినవాడు, చివరికి ఒక కానూను పెట్టాడు. సైరన్ మోగేటప్పుడు చక్రాలున్న బండి చెట్టు కింద ఉంటేనే జాగా ఉన్నట్టు. వరసగా రెండు లంచ్ సైరన్లకు బండి లేకపోతే జాగా పోయినట్టు. సైరన్ మోగాక లంచ్ అయ్యేలోపు బండి కదిలినా పోయినట్టే. మనిషి లెక్క కాదు, గంప లెక్క కాదు. బండి లెక్క.

సోమవారం మొదటి సైరన్ పోయింది. కారు గల్లీ చివరిదాకా దగ్గుకుంటూ వెళ్ళి, హైవే కనబడగానే భయపడ్డట్టు ఆగిపోయింది. దాన్ని వెనక్కి తోసుకొచ్చి, రొట్టెలు గల్లీలో పంచిపెట్టారు. పులిహోర, పెరుగన్నం అమ్మే వెంకటలక్ష్మి తన ట్రాలీ ఆటోను అప్పుడే నీడ అంచుదాకా జరిపిందని కబురు కూడా వచ్చింది. ఇక మిగిలింది మంగళవారం సైరన్ ఒక్కటే. మెకానిక్ జహీరాబాద్‌లో పెళ్ళికి పోయాడు. ఆ మాట విని తల్లి నెత్తి పట్టుకుంటే, కొడుకు మాత్రం లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాడు.

మంగళవారం పొద్దున రొట్టెలు కాల్చి గంప నింపాక మొగులమ్మ బయటికి వచ్చింది. బాలరాజ్ తాళం తిప్పాడు. మూడు కాళ్ళ మంచం మీద ముగ్గురు పహిల్వాన్లు కూర్చున్నట్టు కారు ఊగింది. వెనక గొట్టం ఒకసారి టపాకాయలా పేలి, గల్లీలో కోళ్ళన్నీ గోడలెక్కాయి.

ఆ చప్పుడుకు పక్క గది కిష్టప్ప లేచి వచ్చాడు. బాయిలర్ ఆపరేటర్. రాత్రి షిఫ్టు చేసి అప్పుడే పడుకున్నాడు.

"ఆగుర్రి. ఎవలు ముట్టొద్దు" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. "తాళం తియ్యి. బ్యాటరీ వైరు పీకు. బోర్డు పెట్టకుండ మిషిని మీద చెయ్యేస్తరా?"

గదిలోకి వెళ్ళి ఎర్ర బోర్డు ఒకటి తెచ్చి కారు అద్దానికి తగిలించాడు. దాని మీద 'పని జరుగుచున్నది, ముట్టరాదు' అని ఉంది. బోర్డు పెట్టిన తర్వాత ముట్టే అధికారం ఎవరికి ఉందో తేలలేదు. కాసేపు అందరూ చేతులు కట్టుకుని దాన్నే చదువుతూ నిలబడ్డారు.

ఈలోగా మేడ మీంచి ఇంటి ఓనరు నరసరాజు దిగాడు. భీమవరం దగ్గరి మనిషి. సర్కారు ఫ్యాక్టరీలో పనిచేయడానికి వచ్చి, రిటైరై, ఇస్నాపూర్‌లోనే గదులు కట్టి కిరాయికిచ్చాడు. చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవరు ఉంది. దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"అంతా సౌండ్‌లోనే ఉంటుందయ్యా. మా టర్బైన్‌కి ఏ రోగమొచ్చినా నేను ఇలాగే పట్టేవాణ్ణి."

"ఇంజన్ బంద్ ఉంది సారు" అన్నాడు బాలరాజ్.

"తెలుసయ్యా. ముందు సైలెన్స్ ఎలా ఉందో వినాలి. అప్పుడే కదా తేడా తెలిసేది."

ఆయన సైలెన్స్‌ను చాలాసేపు విన్నాడు. మొగులమ్మ ఎదురింటి గోడ మీద నీడ చూసింది. అది పొద్దున ఉన్నంత పొడవు లేదు.

"సారు, జెర జల్దీ వినుర్రి. సైరన్ అయితది."

"ఏమీ తేడా లేదు మొగులమ్మా. చాలా మంచి సైలెన్స్. అంటే రోగం నడిచేటప్పుడే వస్తోందన్నమాట."

మూడోవాడు లింగం. మందుల కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంటు. వీక్లీ ఆఫ్ కావడంతో లుంగీ మీదే వచ్చాడు గానీ, జేబులో పెన్ను ఉంది.

"గిట్ల కాదన్నా. ఊకె చేతులు పెడితే కారణం దొరకది. మా కంపెనీల ఐదుసార్లు 'ఎందుకు' అని అడుగుతం. ఐదోదానికి అసలు సంగతి బయట పడతది" అని బాలరాజ్ వైపు తిరిగాడు. "బండి ఎందుకు ఊగుతున్నది?"

"మూడిట్ల ఒక సిలిండరో రెండో మండుతలేవు."

"ఎందుకు మండుతలేవు?"

"రవ్వ పుడుతలేనట్టుంది."

"రవ్వ ఎందుకు పుడుతలేదు?"

"నేనేదో తప్పు బిగిచ్చినట్టున్న."

"ఎందుకు తప్పు బిగిచ్చినవ్?"

"నాకు నేర్పినోడు లేడు."

"ఎందుకు లేడు?"

బాలరాజ్ ఆలోచించాడు. "మా నాయినకు సైకిలే వచ్చు."

"దొరికింది" అన్నాడు లింగం. "ట్రైనింగ్ లేదు. మా కాడ గూడ ఎన్నిసార్లు అడిగినా ఆఖరికి గిదే వస్తది."

"అయితే ఇప్పుడు నా పెనిమిటిని లేపి డ్రైవింగు నేర్పాల్నా?" అంది మొగులమ్మ. యాదన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాటకు లింగం పెన్ను జేబులో పెట్టుకుని, "ముందు డిక్కీల బరువు దించుర్రి, బరువుంటే రీడింగు తప్పుతది" అన్నాడు. ఏ రీడింగో ఎవరూ అడగలేదు. రొట్టెల గంప, పప్పుగిన్నె, కారం డబ్బా నరసరాజు అరుగు మీదికి చేరాయి.

తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. పెట్రోలు పైపు ఊది చూశారు. గాలి పోయే డబ్బా విప్పి దులిపారు. అందులోంచి రెండు ఎండుటాకులు, ఒక చాక్లెట్ కాగితం రాలాయి. ఆ కాగితమే కారణమని అంతా సంబరపడి స్టార్టు చేస్తే, కారు మునుపటి కంటే హుషారుగా ఊగింది. వైర్లు ఒకదాని బదులు ఒకటి పెట్టారేమోనని చూశారు. సరిగ్గానే ఉన్నాయి.

"ప్లగ్గులు సూడాల్నా?" అన్నాడు బాలరాజ్.

"కొత్తవి కదయ్యా. కొత్తదానికేం రోగం?" అన్నాడు నరసరాజు.

అయినా కిష్టప్ప పని పూర్తిగా చేసే మనిషి. పానా పెట్టి ఒక ప్లగ్గు విప్పి పైకి తీశాడు. పింగాణి మెడకు పసుపు, మొనకు కుంకుమ. కిష్టప్ప దాన్ని చూశాడు. భక్తిగా రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. మళ్ళీ యథాప్రకారం బిగించి, "ప్లగ్గు మంచిగుంది" అన్నాడు.

గోడ మీద నీడ జానెడు మిగిలింది. మొగులమ్మకు కాళ్ళు ఒకచోట నిలవలేదు. కారును తోసుకుపోదామా అంటే మధ్యలో హైవే, దాని మీద ఒకదాని తోక పట్టుకుని ఒకటి లారీలు. ఆ జాగా పోతే ఎండలో నిలబడాలి. ఎండలో నిలబడి తినడానికి ఎవరొస్తారు? యాదన్న పోయాక ఆమె తన చేత్తో సంపాదించుకున్నది ఆ నీడ ఒక్కటే.

"ఇగ ఒక్కటే తొవ్వ" అన్నాడు లింగం. "ప్రొసీజర్‌ల ఉన్నదొకటి, మనం చేసిందొకటి అయితేనే గిట్లయితది. గా వీడియో పెట్టు. ఒక్కొక్క మెట్టు సరిసూద్దం."

బాలరాజ్ ఫోనును కారు అద్దానికి ఆనించి పెట్టాడు. మిగతా ముగ్గురూ వంగారు. వీడియోలో చేతులకు తొడుగులు వేసుకున్న కుర్రవాడు పాత ప్లగ్గు విప్పాడు. సరే. గుంత తుడిచాడు. సరే. కాగితం పెట్టెలోంచి కొత్త ప్లగ్గు తీశాడు. సరే. 'ఎంతసేపు' అని గద్దించడానికి వచ్చిన మొగులమ్మ, లింగం భుజం మీదుగా ఫోనులోకి తొంగి చూసింది. ఆమె ఆ వీడియో చూడడం అదే మొదటిసారి.

"ఆగు ఆగు" అంది. "గా పిలగాడు పసుపు రాయకనే పెడుతున్నడేంది?"

లింగం ఫోను మీదికి ఇంకొంచెం వంగాడు.

"ఎవలింటి పిలగాడో గని పద్ధతి లేదు. పెట్టెలకెల్లి తీసి బోడిగనే దోపిండు. సూడుర్రి, ఆని బండి గల్లీ దాటితే అడుగుర్రి నన్ను."

వీడియోలో కుర్రవాడు తాళం తిప్పాడు. బండి పిల్లి గుర్రు పెట్టినంత మెత్తగా స్టార్టయింది. బాలరాజ్ నెమ్మదిగా తల తిప్పి తల్లిని చూశాడు. లింగం బాలరాజ్‌ను చూశాడు. నరసరాజు ఇంజనును చూశాడు.

"పెద్దమ్మా" అన్నాడు లింగం చాలా మర్యాదగా, "మన ప్లగ్గులకు పసుపు..."

"రాసిన. నిండుగ రాసిన. నిప్పు పుట్టిచ్చేటియాయె, తక్కువ చేస్తనా? నోటికాడ కుంకుమ గూడ పెట్టిన."

అందరి కళ్ళూ కిష్టప్ప మీద పడ్డాయి.

"నువ్వు సూసినవ్ గదనే?" అన్నాడు బాలరాజ్.

"సూసిన. కండ్లకద్దుకున్న."

"మరి చెప్పలే?"

"పసుపుందని ఏం చెప్తరు తమ్మీ? మా బాయిలర్‌కు లేదా పసుపు?"

"బాయిలర్‌కు బయట రాస్తరన్నా. లోపల రాయరు."

నరసరాజు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "కరెంటుకి సులువైన దారి దొరికితే కష్టపడి గెంతదయ్యా. ఆ మొన దగ్గర గెంతితేనే రవ్వ. పైన పసుపు తడి మీద పడి పక్కకి జారిపోతోంది. జారనిదేమో కుంకుమలో కూరుకుపోతోంది. గబగబా తుడిచేస్తే సరి."

బాలరాజ్ మూడు ప్లగ్గులూ విప్పి పాతగుడ్డ తీసుకున్నాడు. మొగులమ్మ గుడ్డ మీద చెయ్యి వేసింది.

"బొట్టు తుడుస్తవా? నా కండ్ల ముందల?"

"అవ్వ, సైరన్ అయితది."

"అయితె కానీ. మీ నాయిన పోయిననాడు నలుగురు పట్టుకొని నా బొట్టు తుడిసిండ్రు. నేను పెట్టిన బొట్టు గట్ల తుడుస్తుంటె సూస్త కూసోమంటవా? జాగా పోతె పోనీ."

బాలరాజ్ గుడ్డ కిష్టప్పకు ఇచ్చాడు. కిష్టప్ప అది వేడిగా ఉన్నట్టు లింగానికి అందించాడు. లింగం, ఇది మెయింటెనెన్సు పని తప్ప క్వాలిటీ పని కాదని చెప్పి నరసరాజు చేతిలో పెట్టాడు. నరసరాజు దాన్ని మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

మొగులమ్మ మెట్టు మీద కూర్చుంది. ప్లగ్గులను ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. జాగా పోతే పోనీ అంది గానీ, లోపల నీడ లెక్కే నడుస్తోంది. కాసేపటికి తలెత్తింది.

"సారు, వినాయకుణ్ణి నీళ్ళల్ల ఏస్తం గద. ఆయనకు గూడ బొట్టుంటది గద."

"ఉంటుంది."

"మరి ఏయంగ పాపం లేదాయె?"

"ముందు ఉద్వాసన చెబుతాం కదమ్మా. కదిపి, వెళ్ళి రమ్మని చెప్పాక..."

"అగో" అంది మొగులమ్మ లేస్తూ. "తుడుసుడు వేరు, సాగనంపుడు వేరు. పీట తే బిడ్డా."

పీట మీద మూడు ప్లగ్గులూ నిలబెట్టారు. ఉత్తరానికి జరపాలన్నాడు నరసరాజు. ఉత్తరం హైవే వైపని కిష్టప్ప, కాదని లింగం. ఫోనులో దిక్సూచి తీస్తే, కారు ఇనుము పక్కన అది పూనకం వచ్చినట్టు తిరిగింది. చివరికి ఇల్లు కట్టించినవాడి మాటే చెల్లింది: బాత్‌రూమ్ గోడ ఉత్తరం. మొగులమ్మ చెంగు తలమీదికి కప్పుకుని పీటను బాత్‌రూమ్ వైపు బెత్తెడు జరిపింది. నరసరాజు గొంతు సవరించుకున్నాడు.

"యథాస్థానం ప్రవేశయామి... శోభనార్థం పునరాగమనాయ చ..."

"సారు, గా ఆఖరి మాటేంది?" అన్నాడు లింగం.

"మళ్ళీ రమ్మని అర్థం."

"మళ్ళ ఎందుకు రమ్మంటుర్రు? వచ్చిన తప్పు మళ్ళ రాకుండ సూసుడే మా డిపార్ట్‌మెంటు. గది తీసేయుర్రి."

"మంత్రంలో తీసెయ్యడం ఏంటయ్యా?"

"నోరు మూసుకోర్రి ఇద్దరు" అంది మొగులమ్మ. "నిప్పులకు దండం పెట్టుర్రి."

నలుగురు మగవాళ్ళూ దండం పెట్టారు. ఆమె తన చేత్తోనే చెంబు నీళ్ళలో ప్లగ్గులు కడిగి, పసుపునీళ్ళు జామచెట్టు మొదట్లో పోసింది. బాలరాజ్ పాత పళ్ళబ్రష్షుతో మొనల మధ్య మిగిలింది తోమాడు. తడి ఆరడానికి రొట్టెల పెనం మీద, సన్నమంట మీద, మూడింటినీ అటూ ఇటూ తిప్పి కాల్చింది మొగులమ్మ. ఏ వైపు ఎంత వేడి తగలాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు.

బిగించి తాళం తిప్పగానే కారు ఒక్క పట్టున అందుకుంది. ఊగలేదు, దగ్గలేదు. నరసరాజు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, "ఇందాకటి సైలెన్స్ లాగే ఉంది" అన్నాడు. గోడ మీద నీడ ఇక లేదు.

"ఎక్కుర్రి" అంది మొగులమ్మ. బాలరాజ్ పక్కన తను, వెనక కిష్టప్ప, లింగం. అద్దానికి ఎర్ర బోర్డు అలాగే ఊగుతూ ఉంది. రొట్టెల గంప నరసరాజు అరుగు మీద అలాగే కూర్చుని ఉంది. ఇది మాత్రం ఎవరూ చూడలేదు.

హైవే మీద లారీవాళ్ళు, 'ముట్టరాదు' అన్న కారుకు దూరం దూరంగా జరిగి దారి ఇచ్చారు. గేటు దగ్గర మిశ్రా గడియారం చూసుకుంటున్నాడు. వెంకటలక్ష్మి ట్రాలీ ఆటో ముందుచక్రం అప్పటికే నీడలో ఉంది. డ్రైవరు హ్యాండిల్ పట్టుకుని సైరన్ కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. బాలరాజ్ కారును ఆటో ముక్కుకు, చెట్టు మొదలుకు మధ్య దూర్చి ఆపాడు. సైరన్ అందుకుంది.

"గాడీ ఆ గయీ" అన్నాడు మిశ్రా. అంతటితో తీర్పు అయిపోయింది.

వెంకటలక్ష్మి ఆటోను వెనక్కి జరపమంది. "ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఏం పోయేదక్కా నీకు?"

"జాగా పోయేది వెంకటలచ్చిమీ" అంది మొగులమ్మ. చెంగుతో మొహం తుడుచుకుని, కొంగు బిగించి, డిక్కీ తెరిచింది.

స్టెప్నీ ఉంది. జాకీ ఉంది.

గేటు తెరుచుకుంది. జనం వస్తున్నారు.

"పదినిమిషాలవ్వ, బండేసుకపోయి గంప పట్టుకొస్త" అన్నాడు బాలరాజ్, తాళం తీస్తూ.

"గాడీ గయీ తో జగహ్ గయీ" అన్నాడు మిశ్రా, వాళ్ళను చూడకుండానే. బండి పోతే జాగా పోయినట్టే.

మొగులమ్మ కొడుకు చేతిలోంచి తాళం లాక్కుని జాకెట్లో దోపుకుంది. డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. "బండి కదలది. నువ్వు కదులు."

"నడుసుకుంటనా? బండి మంచిగైంది గదవ్వ."

"మంచిగైంది గనకనే ఈడ ఉంటది."

కిష్టప్ప, లింగం ముఖాలు చూసుకున్నారు. పప్పుగిన్నెకు ఒకరు, కారం డబ్బాకు ఒకరు కావాలి కదా. ముగ్గురూ లుంగీలు, ప్యాంట్లు పైకి మడుచుకుని ఎండలో హైవే వైపు ఉరికారు. చెట్టు కింద జనం గుమిగూడారు.

"రొట్టేది పెద్దవ్వా?"

"నడుసుకుంట వస్తున్నది."

కొందరు నవ్వారు. ఆకలి ఆగనివాళ్ళు ఎండలోకి వెళ్ళి వెంకటలక్ష్మి దగ్గర పులిహోర పొట్లాలు కొనుక్కుని, తినడానికి మళ్ళీ నీడలోకి వచ్చి, కారు పక్కన నిలబడి మొహమాటంగా చూశారు. మొగులమ్మ కిటికీ అద్దం దించింది.

"నీడేం పోదు, తినుర్రి" అంది. "కడుపుల మాత్రం జెర జాగా ఉంచుకోర్రి."